కారును కిందికి దించే ముందు

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం అందింది. పొట్టి స్ప్రింగులు వేయించి కారును 40 మిల్లీమీటర్లు కిందికి దించాలనుకుంటున్నావనీ, అలా చేస్తే మలుపుల్లో పట్టు పెరుగుతుందని అందరూ చెబుతున్నారనీ, ఇప్పుడు కారు ఊగుతోందనీ రాశావు. మూడేళ్ల క్రితం నేనూ అదే నమ్మకంతో సరిగ్గా అంతే దించాను కాబట్టి, నీ చేతిలోని డబ్బు ఖర్చు కాకముందే నా అనుభవం నీకు చెప్పడం నా బాధ్యత అనిపించింది. కారు చూడటానికి బాగుంటుంది, అందులో నాకు సందేహం లేదు. నేను చెప్పేదల్లా పట్టు గురించి.

గుంతలో పడ్డప్పుడు చక్రం పైకి కదలడానికి నీ కారులో 80 మిల్లీమీటర్ల జాగా ఉందనుకో. 40 దించితే అందులో సగం, కారు నిలబడి ఉండగానే ఖర్చయిపోయినట్టే. మిగిలిన సగంలోనే అదే దెబ్బను పూర్తిగా పీల్చుకోవాలంటే స్ప్రింగు నాలుగింతలు బిరుసుగా ఉండాలి, ఎందుకంటే స్ప్రింగులో దాగే శక్తి అది నొక్కుకున్న దూరపు వర్గాన్ని బట్టి మారుతుంది. అంత బిరుసు స్ప్రింగులను రోడ్డు కార్లకు ఎవరూ అమ్మరు, వేసుకున్నా అందులో ఎవరూ కూర్చోలేరు. అందువల్ల చక్రాలకూ బాడీకీ మధ్య ఉండే సస్పెన్షన్ తరచుగా అడుగంటా నొక్కుకుపోయి, చివర ఉండే రబ్బరు బంప్ స్టాప్‌కు తగులుతుంది. నేరుగా వెళ్తున్నప్పుడైతే అది నడుముకు తగిలే ఒక దెబ్బ మాత్రమే. కానీ మలుపు మధ్యలో, బరువంతా బయటి చక్రం మీద ఉన్నప్పుడు చిన్న ఎగుడుదిగుడు వస్తే, స్ప్రింగుకు తోడు రబ్బరూ పనిచేయడం మొదలవుతుంది, బిరుసు ఒక్కసారిగా పెరుగుతుంది, టైరు పట్టు జారుతుంది. ఒక వర్షపు రాత్రి నా కారు ముందు భాగం అలా మలుపు బయటికి జరిగిపోయింది. పక్క సీట్లో మా అమ్మ ఉంది. ఆ క్షణం నేను మరచిపోలేదు.

పట్టు తగ్గడానికి దీనికంటే కంటికి కనబడని కారణం ఇంకొకటి ఉంది. మలుపులో కారు ఒరిగేటప్పుడు బాడీ ఒక ఊహాబిందువు చుట్టూ తిరుగుతుంది, దాన్ని రోల్ సెంటర్ అంటారు. ముందు చక్రాలకు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకే నిలువు కాడగా ఉండే అమరిక) ఉన్న కార్లలో, అంటే మామూలుగా మనం నడిపే కార్లలో చాలావాటిలో, బాడీ దిగినప్పుడు, చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్ లోపలి కొస కిందికీ, చక్రం వైపు కొస పైకీ వాలుతుంది. అప్పుడు ఆ బిందువు బాడీ కంటే ఎక్కువ దూరం దిగిపోతుంది. కారు గరిమనాభికీ (బరువు కేంద్రానికీ) ఆ బిందువుకూ మధ్య దూరం పెరిగి, బాడీని ఒరిగించే బలానికి మరింత పెద్ద మీట దొరుకుతుంది. కారును దించి సంపాదించినది ఇక్కడ తిరిగి చెల్లించినట్టే. చక్రాలను తిప్పే స్టీరింగ్ టై రాడ్ల కోణం కూడా మారడం వల్ల, ఎగుడుదిగుళ్ల మీద చక్రాలు తమంతట తామే కొద్దికొద్దిగా పక్కకు తిరుగుతుంటాయి, నువ్వు స్టీరింగును సరిచేస్తూ ఉండాలి.

టైర్ల సంగతి చెప్పాలి. దించిన తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాను. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేశారు కానీ, నా కారులో కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలే కోణం) సర్దుబాటుకు ఏర్పాటు లేదు. చక్రాల పైభాగం లోపలికి వాలే ఉండిపోయింది. బయటి నుంచి చూస్తే టైరు గాడులు నిండుగా కనిపించేవి. ఒకరోజు చక్రం విప్పి లోపలి అంచు తడిమితే, రబ్బరు పూర్తిగా అరిగి, బయటపడిన ఉక్కు తీగలు వేలికి గుచ్చుకున్నాయి. ఆ టైర్ల మీదనే ముందు వారం అంతా నేను హైవేపై తిరిగాను. ఏడాదిలోపే ఒక షాక్ అబ్జార్బరు నుంచి నూనె కారింది. దాన్ని పాత స్ప్రింగు బిరుసుకు తగ్గట్టు తయారుచేశారు మరి.

స్పీడ్ బ్రేకర్ల మీద ఇంజను అడుగున ఉండే ఆయిల్ సంపు రాసుకోవడం, పంక్చరైతే జాకీ కింద దూరకపోవడం నీకు తెలిసినవే. కొత్త కార్లలో ముందున్న కెమెరా, రాడారు కంపెనీ పెట్టిన ఎత్తుకు సరిపడా అమర్చి ఉంటాయని, దించితే వాటి గురి తప్పవచ్చని మాత్రం గుర్తుంచుకో.

ఇంకొక్కటి. ఉన్న స్ప్రింగులనే ఒక చుట్టు కోసేస్తే సరిపోతుందని మెకానిక్ ఎవరైనా అంటే, దయచేసి ఒప్పుకోవద్దు. ఆరు చుట్లలో ఒకటి తీసేస్తే బిరుసు అయిదో వంతు పెరుగుతుంది, కోసిన కొస తన గిన్నెలో సరిగా కూర్చోదు, చక్రం గాల్లో వేలాడినప్పుడు స్ప్రింగు చోటు తప్పవచ్చు.

మొదట నీ కారు బుష్‌లూ (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు) షాక్ అబ్జార్బర్లూ ఒకసారి చూపించు. నువ్వు రాసిన ఊగుడుకు అరిగిన షాక్ అబ్జార్బర్లే కారణమని నా అనుమానం. నేను పాత స్ప్రింగులు తిరిగి వేయించి, కొత్త షాక్ అబ్జార్బర్లు పెట్టించాను. వచ్చే ఆదివారం వచ్చి నా కారు నువ్వే నడిపి చూడు, ఆ మలుపు దగ్గరికే వెళ్దాం.

ఇట్లు,
నీ మిత్రుడు