పూడిక ఎవరు తీయాలి?

ఒరేయ్ రమణా,

ఉత్తరం రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. నెల రోజులుగా రాత్రి తొమ్మిదిలోపు లైబ్రరీ నుంచి బయటపడితే ఒట్టు. మారతహళ్ళి బస్సులో నిలబడి నిద్రపోవడం కూడా వచ్చేసింది.

మా కాలేజీ థీసిసులన్నీ డీస్పేస్‌లో పెట్టామని చెప్పాగా, అదే, థీసిసుల్లాంటివి దాచి అందరికీ చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్. మాది పాత 6వ వెర్షన్. దానికి 2023లోనే మద్దతు ఆపేశారు. 7కి పోదామంటే అది ఇల్లు మారడమేరా. తెర మీద కనిపించేదంతా యాంగ్యులర్ అనే వెబ్ పనిముట్టుతో మళ్ళీ మొదట్నుంచి రాశారు. నేను ముచ్చటపడి దిద్దుకున్న రంగులూ బొమ్మలూ ఒక్కటీ మిగల్లేదు.

ఈ గోలలోనే, డీస్పేస్ బాగోగులు చూసే లైరాసిస్ సంస్థకి సభ్యత్వ చందా కడదామని ఫైలు పెట్టా. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇది ఫ్రీ అన్నారు కదండీ?" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. బస్సెక్కాక మన ఊరి చెరువు గుర్తొచ్చింది. నీళ్ళకి డబ్బులెవరూ అడగరు. కానీ తూము చూసే నీరటికి గింజలు కొలిచేవాళ్ళని, పూడిక తీతకి ఇంటికో మనిషి వెళ్ళేవాడని మీ తాత చెప్పేవాడు, గుర్తుందా?

డీస్పేసూ అంతే. 2002లో ఎంఐటీ లైబ్రరీలూ హెచ్‌పీ ల్యాబ్సూ కలిసి తవ్విన చెరువు ఇది. ఎంతకాలమని వాళ్ళిద్దరే మోస్తారు? 2007లో దీనికంటూ ఒక ఫౌండేషన్ పెట్టారు. 2009లో అది ఫెడోరా వాళ్ళతో కలిసి డ్యూరాస్పేస్ అయింది. (లినక్స్ ఫెడోరా కాదు, అదే పేరుతో డీస్పేస్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్. పేర్లకి కరువొచ్చింది కాబోలు.) 2019లో అదీ లైరాసిస్‌లో కలిసిపోయింది. మూడు ఇంటిపేర్లు మారినా పిల్లాడు బడి మానలేదు.

చందాలతో నీరటి జీతం గడుస్తుంది, అంటే అందరి పనినీ ఒక దారిలో పెట్టే మనిషి జీతం. మట్టి మోసేది మాత్రం యూనివర్సిటీల ఉద్యోగులు, బెల్జియం ఆట్మైర్, ఇటలీ ఫోర్‌సైన్స్ లాంటి కంపెనీలు. కంపెనీలది ధర్మమేం కాదు, బతుకుతెరువు. అయితేనేం, వాళ్ళు రాసిన కోడ్ మళ్ళీ చెరువులోకే వస్తుంది. మనమో? మన దేశపు పీహెచ్‌డీ థీసిసులుండే శోధ్‌గంగ అంతా దీని మీదే నడుస్తోంది, దేశమంతా కాలేజీలు వాడుకుంటున్నాయి. నీళ్ళు తోడినంత జోరుగా మట్టి మోస్తున్నామా అంటే నాకే సిగ్గేస్తుంది.

అందుకే కొత్త వెర్షన్ రాకముందు అందరూ కలిసి తప్పులు వెతకడానికి జరిపే టెస్టథాన్‌లో నేనూ కూర్చున్నా. మూడు సాయంత్రాలు వెతికి ఒక్క తప్పు పట్టుకున్నా. తీరా చూస్తే అప్పటికే ఎవరో రాసిపెట్టేశారు! అయినా ఆ రాత్రి దర్శినిలో మసాలా దోసె తిని పండగ చేసుకున్నా.

చెరువు కథంతా ప్రిన్సిపాల్ గారికి చెప్పా. ఆయనది కోలారు వైపు, చెరువంటే ఇట్టే అర్థమైంది. "చందా వచ్చే బడ్జెట్‌లో చూద్దాం, వారానికి రెండు గంటలు మాత్రం ఆ టెస్టింగ్ పనికి వాడుకోండి" అన్నారు. ఫైలు ఇంకా ఆయన టేబుల్ మీదే ఉంది.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. ఈసారి వచ్చేటప్పుడు వేరుశనగకాయలు మర్చిపోకు.

నీ
శీను