ధాన్యం కొట్టులో క్యారమ్స్

అమలాపురం దగ్గర్నుంచి,

ఏరా శ్రీనూ,

“గేమ్ రూమా? మీ ఇంట్లోనా?” అని ఫోన్లో తెగ నవ్వావు కదా, ఇప్పుడు తీరిగ్గా విను.

ధాన్యం కళ్ళంలోనే కాటా వేసి పంపేస్తున్నాక పెరటివైపు కొట్టులో పాత గోనెలు, పందికొక్కులు తప్ప ఏమీ మిగల్లేదు. పొడుగు 14 అడుగులు, వెడల్పు 11. పిల్లలు టీటీ బల్ల అన్నారు, మా బావమరిది పూల్ టేబుల్ అన్నాడు. టేపు పెట్టి కొలిచేసరికి ఎవరూ మాట్లాడలేదు. టీటీ బల్లే 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. వెనక్కి జరిగి ఆడాలంటే అటూ ఇటూ అయిదేసి అడుగులైనా ఉండొద్దూ? పూల్ కర్ర ఒక్కటే దగ్గర దగ్గర అయిదడుగులు, వెనక్కి లాగితే గోడకి గుద్దుకుంటుంది. రంగులూ బొమ్మలూ తర్వాత చూసుకోవచ్చు గానీ, ముందు ఏ ఆటో తేల్చుకోవాలి.

క్యారమ్స్‌కే ఓటేశాం. బోర్డు లోపలి కొలత 29 అంగుళాలు, నలుగురూ చుట్టూ కూర్చున్నా ఇంకా బోలెడు చోటు. అసలు తలనొప్పి చెమ్మ. మన కోనసీమ సంగతి నీకు తెలీందేముంది, వానాకాలం వస్తే ఉప్పుతోపాటు బోరిక్ పౌడరూ ముద్దయిపోతుంది. అందుకని బోర్డు గోడకి ఆనించడం నిషేధం, ఆట లేనప్పుడు కూడా స్టాండు మీదే పడుకుంటుంది. వారగా ఆనిస్తే ఒంగిపోతుంది, ఆ తర్వాత కాయిన్లన్నీ ఒకే మూలకి జారతాయి. గోడలకి పెయింటు వెయ్యమని షాపువాడు చంపేశాడు. వద్దన్నాను. పాత సున్నపు గోడ మీద ప్లాస్టిక్ పెయింటు వేస్తే లోపలి తేమకి దారి దొరక్క పొక్కులు లేస్తుంది. మళ్ళీ సున్నమే వేయించా, కాస్త పసుపు ఛాయ కలిపి.

ఒక్క గోడని మాత్రం ముట్టుకోనివ్వలేదు. 1986 ఆగస్టు వరదకి, అదే, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, నీళ్ళెంతవరకు వచ్చాయో నాన్న బొగ్గుతో గీసిన గీత దాని మీదుంది. స్విచ్చిబోర్డులన్నీ ఆ గీతకి పైనే పెట్టించాను. ఎలక్ట్రీషియన్ నన్నో వింత మనిషిలా చూశాడు, చూడనీ.

లైటు సరిగ్గా బోర్డు నడిమధ్య పైన, డూమ్‌తో వేలాడుతుంది. పక్కనుంచి పడితే మన చెయ్యి నీడే పాకెట్ మీద పడి చిరాకేస్తుంది.

నాకు బాగా నచ్చింది నేల. కింద ఎర్రగచ్చు పోయించి, ఓ మూల పులి-మేక పటం తెల్ల సిమెంటుతో గీయించాం. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల్ని దూకి చంపాలి పులి, కదలకుండా దాన్ని బిగించాలి మేకలు. అమ్మ ఆ పక్కనే చింతపిక్కల డబ్బాతో వామనగుంటల పీట వేసుక్కూర్చుంది. వరసకి ఏడేసి గుంటలు, రెండు వరసలు. ఫోను వదలని మా చిన్నోడు రోజూ ఆవిడ చేతిలో ఓడిపోతున్నాడు. కిటికీకి అమ్మ ఎప్పుడో అల్లిన నరసాపురం లేసు తెర, కూర్చోడానికి కొబ్బరిపీచు చాపలు. టీవీ పెడదామన్నారు గానీ, టీవీ వస్తే అందరి మొహాలూ అటే తిరుగుతాయి, ఇంక ఆటెక్కడిది?

పేకముక్కలకి మాత్రం అమ్మ పర్మిషన్ లేదు. నువ్వు వస్తే అడిగి చూడు, నీ మాట వింటుంది.

భోగి ముందురోజుకే దిగిపో. పందెం బరి దగ్గరికి పారిపోతే ఊరుకోను. వచ్చేటప్పుడు మంచి స్ట్రైకర్ ఒకటి పట్రా, 15 గ్రాములు దాటకూడదు. ఇక్కడ దొరికేవి బండగా ఉన్నాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ,
రాంబాబు