కొండ దిగిన ఆదివాసీలకు జీవీఎంసీలో చోటు

సంపాదకులకు,

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక గిరిజనుల బాగోగులు చూసే పాడేరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. బతుకుతెరువు కోసం కొండ దిగి విశాఖలో స్థిరపడిన కొండదొర, భగత, కోటియా, పోర్జా కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. సొంతూళ్లో వాళ్లకు షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం (పెసా) కింద గ్రామసభ ఉంది, గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలు కాకుండా చూసే 1/70 చట్టం రక్షణ ఉంది. పెందుర్తి దాటి నగరంలోకి వస్తే ఆ రెండూ వర్తించవు. ఇక్కడ వాళ్లకు అందుబాటులో ఉన్న ప్రభుత్వం నగరపాలక సంస్థ జీవీఎంసీయే. ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి థింసా నృత్యం ఆడించడంతో జీవీఎంసీకీ వాళ్లకూ ఉన్న బంధం ఆగిపోకూడదు.

నగరంలో ఏ తెగవాళ్లు ఎందరున్నారో ముందు లెక్క తేలాలి. సర్వేలో ‘ఎస్టీ’ అని ఒక్క గడి నింపి వదిలేస్తే కువి మాట్లాడే కోందులు, ఆదివాసీ ఒడియా మాట్లాడే కోటియాలు, తరతరాలుగా మైదానంలోనే ఉన్న ఎరుకలవారు ఒకే పద్దులో కలిసిపోతారు. వీళ్లెవరి ఇబ్బంది వాళ్లది. తెగ, ఇంటిభాష, సొంత మండలం, నగరానికి వచ్చిన సంవత్సరం తప్పక అడగాలి. పగలు వెళ్తే తాళాలే కనిపిస్తాయి, అందరూ కూలి పనిలో ఉంటారు. రాత్రి ఏడు దాటాక గానీ ఆదివారం గానీ వెళ్లాలి. సర్వేకు వెళ్లే వార్డు సచివాలయ సిబ్బంది వెంట ఆ తెగ మనిషి ఒకరుండాలి, ఆ మనిషికి రోజుకూలి కట్టివ్వాలి.

కుల ధ్రువపత్రం మరో చిక్కు. ఆధారాలన్నీ సొంతూళ్లో ఉంటాయి, దరఖాస్తు ఇక్కడ పెట్టాలి. వాల్మీకులది ఇంకా కష్టం: ఏజెన్సీలో వాళ్లు ఎస్టీ, మైదానంలో బీసీ. ఇక్కడ పుట్టిన పిల్లల మూలాలు కొండమీదివేనని కాగితాలతో నిరూపించుకోవాలి. ఐటీడీఏ ఉద్యోగి ఒకరు నెలకు రెండు రోజులు నగరంలో కూర్చుని, తల్లిదండ్రుల పత్రాలు, ఊరి బడి రిజిస్టరు నకలు తెప్పించి ఇస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

అన్నిటికన్నా త్వరగా దారికి తేగలిగింది వీధి అమ్మకాల విషయం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే తమలోంచి ఎన్నుకున్నవారై ఉండాలి. అందులో మూడోవంతు మహిళలు. ఎస్టీలకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఐదేళ్లకోసారైనా వీధి వ్యాపారుల సర్వే జరగాలి. అయితే సర్వే నాడు రోడ్డు మీద ఉన్నవాళ్ల పేర్లే ఎక్కుతాయి. ఏజెన్సీ ఆడవాళ్లు చలి వెళ్లేవేళ కొండచీపుర్లతో, ఎండల్లో పనసకాయలతో, వానలు తగ్గాక సీతాఫలాలతో దిగుతారు. సరుకు అయిపోగానే వెళ్లిపోతారు. సర్వే జూలైలో పడితే వాళ్లు లెక్కలో లేనట్టే. పేరు లేకపోతే వెండింగ్ సర్టిఫికెట్టు రాదు, అది లేనివాళ్లను ఎవరైనా లేపేయవచ్చు. అందుకే సర్వే ఒక్కసారితో ముగించకుండా పంటకాలాన్ని బట్టి మూడు విడతలుగా చేయాలి, వాళ్లకు నెలల లెక్కన సర్టిఫికెట్టు ఇవ్వాలి. చోటు రైతుబజార్ల పక్కన చూపితే మేలు. తెచ్చిన బుట్టలు ఒక్కరోజులో అమ్ముడుపోవు. రాత్రికి సరుకు పెట్టుకునే తాళం గది, మరుగుదొడ్డి, ఆడవాళ్లు పడుకునే షెడ్డు లేకపోతే సాయంత్రానికి దళారి చెప్పిన ధరకు తెగనమ్మక తప్పదు. 1956లో పుట్టిన జీసీసీ (గిరిజన సహకార సంస్థ) ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది. తాళం గది, తూకం విషయాల్లో దాని సాయం అడగవచ్చు.

ఆదివాసీల విషయాలపై జీవీఎంసీ సలహా సంఘం వేస్తే ఒక జాగ్రత్త. పెద్ద తెగ నాయకుడు ఒక్కరిని పిలిచి ‘గిరిజనులతో మాట్లాడాం’ అని రాసుకుంటే గదబలు, కోందుల మాట వినిపించదు. సభ్యులను బస్తీల్లోనే ఎన్నుకోనివ్వాలి, రెండేళ్లకోసారి మార్చాలి. సమావేశానికి వచ్చినవాళ్లకు పోయిన కూలి చెల్లించాలి. ప్రతి విన్నపానికి నెలలోగా రాతపూర్వక జవాబివ్వాలి. కుదరదన్నా సరే, కారణం రాయాలి. ఆ జవాబును మరుసటి సమావేశంలో తెలుగులోనూ, కువిలోనూ, ఆదివాసీ ఒడియాలోనూ చదివి వినిపించాలి.

– నగర ఆదివాసీ బస్తీల్లో పనిచేస్తున్న కొందరం, విశాఖపట్నం