మందుల షాపు పెద్దాయనకి థాంక్స్

పోయిన నెలలో నాకు సాయం చేసిన ఒక ఫార్మసిస్ట్ గారికి థాంక్స్ చెప్పుకోవాలి. ఆయన పేరు నాకు తెలియదు, తెలిసినా రాయను. విషయం ఆడవాళ్లం ఒకరికొకరం కూడా గొంతు తగ్గించి చెప్పుకునేది. కింద దురద, మంట, తెల్లబట్ట.

పంటి వాపుకి వారం రోజులు యాంటీబయాటిక్ వాడాను. కోర్సు అయ్యేసరికి దురద మొదలైంది. శుభ్రత తక్కువైందేమో అనుకుని వాసన సబ్బుతో రోజుకి రెండుసార్లు కడిగాను. తగ్గలేదు. ఇంట్లో మావారి ఎగ్జిమా క్రీమ్ కనిపిస్తే అదీ రాశాను. ఒక పూట హాయిగా ఉంది, మర్నాటికి రెట్టింపైంది. మూత్రానికి వెళ్తే మంట, రాత్రిళ్లు నిద్ర లేదు. నలుగురి మధ్య కూర్చున్నప్పుడు ఆ దురద పుడితే పడే అవస్థ పడ్డవాళ్లకే తెలుసు.

షాపు దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చేశాను. కౌంటర్‌లో ఆడమనిషి ఉంటే బాగుండునని ఆశ. మూడోసారీ ఆ పెద్దాయనే. నోరు రాక, ఫోన్‌లో నాలుగు ముక్కలు టైప్ చేసి చూపించాను. చదివి ఫోన్ నా చేతికిచ్చి, వెనకున్నవాళ్లని ఇంకో కౌంటర్‌కి పంపి, "ఇటు పక్కకి రామ్మా" అన్నారు. జలుబుకి మందు అడిగినా అదే గొంతుతో మాట్లాడతారేమో. నా టెన్షన్ సగం అక్కడే దిగింది.

మందు మాత్రం వెంటనే తీయలేదు. దుర్వాసన ఉందా? లేదు. తెల్లబట్ట పలచగా అవుతోందా, విరిగిన పాలలా ముద్దలుగానా? ముద్దలుగా. జ్వరం, పొత్తికడుపులో నొప్పి, పుండ్లు, నెలసరి కాని రోజుల్లో రక్తం? ఏవీ లేవు. ఇంతకుముందు వచ్చిందా? మా అబ్బాయి కడుపులో ఉన్నప్పుడు ఒకసారి వస్తే డాక్టరే చూసి ఫంగల్ ఇన్ఫెక్షన్ అని చెప్పారు. ఇప్పుడు గర్భం ఏమైనా ఉందా అని కూడా అడిగారు. నాకు 44 ఏళ్లు, నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఉంటే డాక్టర్ దగ్గరికి పంపేవాణ్ణి అన్నారు. షుగర్ ఉందా, రోజూ వేసుకునే మందులేంటి, ఈమధ్య కొత్తగా ఏం వాడారు అన్నప్పుడు యాంటీబయాటిక్ సంగతి బయటపడింది.

క్యాండిడా అనే ఆ ఫంగస్ చాలామంది ఒంట్లో మామూలుగానే కొద్దిగా ఉంటుందట. దాన్ని పెరగనివ్వకుండా చూసే మంచి బ్యాక్టీరియా కూడా అక్కడే ఉంటుంది. పంటి కోసం వేసుకున్న మందు ఆ మంచి బ్యాక్టీరియాని కూడా చంపేసింది, దాంతో ఫంగస్ పెరిగింది. నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చేదే, మీ శుభ్రతకీ దీనికీ సంబంధం లేదమ్మా అన్నారు. నేను తోమి తోమి కడిగిన ఆ సబ్బే చర్మాన్ని ఇంకా మండించిందట. బయట మామూలు నీళ్లు చాలు, లోపల అసలు కడగొద్దన్నారు. ఎగ్జిమా క్రీమ్ పేరు చెప్పగానే మాత్రం ముఖం మారింది. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, దురద కాసేపు అణిగినా ఫంగస్ పెరుగుతుంది, ఈరోజే ఆపేయండి అన్నారు.

మింగే ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఉంది కానీ, నేను కొలెస్ట్రాల్‌కి వాడే మాత్రతో అది పడకపోవచ్చని పక్కన పెట్టారు. లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటే, పైన రాయడానికి అదే మందు క్రీమ్ ఇచ్చారు. పడుకునే ముందు, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, దాంతో వచ్చే గొట్టంతో వీలైనంత లోపలికి పెట్టుకోవాలి. నెలసరి రోజుల్లో వద్దు. పొద్దున తెల్లటి పొడిలా కాస్త బయటికి వస్తే భయపడొద్దు. ఈ మందుకి కండోమ్ పాడై చిరగొచ్చని కూడా ఆ పెద్దాయన ఏ తడబాటూ లేకుండా చెప్పారు. మావారి గురించి నేను అడగకముందే, ఇది మగవాళ్ల వల్ల అంటిన జబ్బుగా చూడరు, ఆయనకి దురద, ఎరుపు ఉంటేనే మందు అన్నారు. చెప్పొద్దూ, నా మనసులో ఆ పురుగు ఒకటి తొలుస్తూనే ఉంది.

వారంలో తగ్గకపోతే తన దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నారు. ఆరు నెలల్లో మళ్లీ మళ్లీ వస్తే షుగర్ పరీక్ష కూడా చేయించుకోమన్నారు. తన మందు అమ్ముకునే మనిషి ఇంకో తలుపు కూడా చూపించడం నాకు నచ్చింది.

మూడో రోజుకి దురద బాగా తగ్గింది, నాలుగో రాత్రి కంటినిండా నిద్రపోయాను.

థాంక్స్ చెబుదామని వెళ్తే షాపు నిండా జనం. ఆయన నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేసి "తగ్గిందా?" అన్నట్టు అడిగారు. తలూపాను. ఆయనా తలూపి పక్కవాళ్ల చీటీ అందుకున్నారు. పదిమందిలో నాకు మళ్లీ నోరు పెగల్లేదు, ఒక టూత్‌పేస్ట్ కొనుక్కుని వచ్చేశాను.