ఆ ఎకరం నేలలో మనమే ఎక్కువ

శ్రీకాకుళం,
ఆదివారం సాయంత్రం

ప్రభువు నామంలో నీకు శుభములు.

అమ్మలూ,

పై ముక్క అలవాటు కొద్దీ రాసేశాను. కొట్టేద్దామా అని కాసేపు కలం పట్టుకు కూర్చుని, ఉంచేశాను. నలభై ఏళ్ల చేతి అలవాటు అది, నీకు చురక అనుకోకు.

బుధవారం ఫోన్లో నువ్వడిగినదానికి జవాబు చెప్పకుండా 'సిగ్నల్ లేదమ్మా' అని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

ఆఫీసులో కొత్తగా చేరినావిడ రెండో రోజే 'మీదే చర్చి?' అని అడిగితే 'బాప్టిస్టు' అని తప్పించుకున్నానన్నావు. అక్కడి తెలుగు సంఘంలో ఒకావిడకి మాత్రం నాకు నమ్మకం పోయిందని నిజం చెప్తే, ఆవిడ తన పిల్లని మీ ఇంటికి ఆడుకోవడానికి పంపడం మానేసిందన్నావు. 'దీన్ని వివక్ష అంటారా నాన్నా, నేనే లేనిపోనివి ఊహించుకుంటున్నానా?' అన్నావు.

రిటైరైనా సోషల్ మాస్టార్నే కదా, ముందు చట్టం సంగతి. ఆవలించకు.

మీ టెక్సాస్ రాజ్యాంగం 1876 నాటిది. మొదటి అధికరణంలో నాలుగో సెక్షన్ చదివితే నాకు నవ్వాగలేదు. ఏ పదవికీ మతపరీక్ష పెట్టకూడదంటుంది, మతభావాల వల్ల ఎవర్నీ పక్కన పెట్టకూడదంటుంది, అంతా చెప్పి చివర్న 'దేవుడనేవాడున్నాడని ఒప్పుకుంటే' అని తోక తగిలిస్తుంది. టెన్నెసీ, మిసిసిపీలాంటి చోట్లా ఇలాంటివి ఉన్నాయి. ఇవేవీ ఇప్పుడు చెల్లవు. మేరీల్యాండ్‌లో టోర్కాసో అనే ఆయన్ని నోటరీగా వేసి, దేవుడున్నాడని ప్రమాణం చేయనన్నందుకు పోస్టు ఇవ్వకుండా ఆపేస్తే, 1961లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయన పక్షాన తీర్పిచ్చింది. 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో మత వివక్ష కూడదంటుంది, ఏ మతమూ లేనివాళ్లకీ అది రక్ష. చర్చిలు నడిపే సంస్థలకి మినహాయింపులున్నాయి గానీ నీది మామూలు కంపెనీ. కాబట్టి ఉద్యోగం గురించి బెంగ పెట్టుకోకు.

చెల్లని వాక్యాన్ని చెరిపెయ్యకుండా ఎందుకుంచారంటావు. చెరుపుదామని లేచిన నాయకుడు ఓట్ల ముందు నిలబడాలి కదా! నువ్వు తెచ్చి చూపించిన డాలరు నోటు మీద 'దేవునియందు మా నమ్మకం' అని ఉంటుంది చూడు, దాన్ని దేశ నినాదం చేసింది 1956లో. అంతకు రెండేళ్ల ముందే బడి పిల్లల ప్రతిజ్ఞలో దేవుణ్ణి చేర్చారు. రష్యాతో పోటీ రోజులవి. దేవుణ్ణి నమ్మనివాడంటే కమ్యూనిస్టు, కమ్యూనిస్టంటే దేశద్రోహి, అలా ముడిపడిపోయింది. 1958లో గాలప్ అనే సర్వే సంస్థ వాళ్లు అడిగితే, నాస్తికుడు అధ్యక్షుడిగా నిలబడితే ఓటేస్తామన్నవాళ్లు నూటికి 18 మంది. 2020లో 60 మంది. బాగా మారినట్టే. మిగిలిన నలభై మంది మాత్రం ఎక్కడో ఆకాశంలో ఉండరు, మీ ఆఫీసు క్యాంటీన్లోనే ఉంటారు.

ఇది క్రైస్తవులకే పట్టిన జబ్బు అనుకోకు. మన పక్కన గంజాంలో, ఛత్రపురంలో పుట్టిన గోరా గారు కాకినాడలో వృక్షశాస్త్రం లెక్చరరు. నాస్తికుడైనందుకు 1933లో ఆ ఉద్యోగం ఊడగొట్టారు. ఊడగొట్టింది మనవాళ్లు కారు. అయితే ఇంగ్లండు కథ మనవాళ్లదే. చార్లెస్ బ్రాడ్లా 1880లో పార్లమెంటుకి గెలిస్తే, నాస్తికుడని ఆయన్ని సభలో కూర్చోనివ్వలేదు. ఓటర్లు మళ్లీ మళ్లీ గెలిపించి పంపితే, 1886కి గానీ కుర్చీ దక్కలేదు. ఆ బ్రాడ్లాయే 1889లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకి వచ్చి మన దేశం తరఫున మాట్లాడాడు. ఇది క్లాసులో చెప్పినప్పుడు మొదటి సగం మింగేసి రెండో సగమే చెప్పేవాణ్ణి. చర్చి సంఘ కార్యదర్శిని కదా.

నువ్వు 'బాప్టిస్టు' అని చెప్పి బయటపడ్డం విన్నాక మీ చిన్నాన్న గుర్తొచ్చాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా లేదు. నా కాగితాల మీద బీసీ-సి అనే ఉంది, ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్లకిచ్చే వర్గం అది. చిన్నాన్న 'హిందూ' అని రాసి ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆదివారం ఆరాధన మొదలయ్యాక వచ్చి, ఆఖరి బెంచీలో కూర్చుని, ముగింపు ప్రార్థనకి ముందే జారుకునేవాడు. నమ్మకం ఉండీ లేదని రాసినవాడు వాడు, లేకుండా ఉందని చెప్పినదానివి నువ్వు. వాణ్ణి నేనెప్పుడూ తప్పుపట్టలేదు, నిన్నూ పట్టను. కాకపోతే వాడికి ఆ దాగుడుమూతలు చివరిదాకా నలతగానే ఉండేవి.

ఒక మాట చెప్పాలి. ఆఫీసావిడ మీదే చర్చి అనడం ఊసుపోని పలకరింపే అయ్యుండొచ్చు. మన ఊళ్లో 'ఎవరి తాలూకా?' అని అడగరూ, అలాంటిది. దాన్ని వివక్ష ఖాతాలో రాయకు. ఆడుకునే పిల్లని ఆపేసినావిడ సంగతి వేరు. అది వివక్షే. ఎలా తెలుసంటే, నేనూ చేశాను కాబట్టి.

నీకు ఎక్కాలు నేర్పిన లెక్కల మాస్టారు గుర్తున్నారా? తెల్ల చొక్కా, జేబులో రెండు సుద్దముక్కలు. నాగావళిలో బాప్తిస్మం పొందిన మనిషే. పెద్దయ్యాక దేవుడు లేడనేశారు. దాచుకోలేదు, అలాగని ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. మనవాళ్లెవరు పోయినా వచ్చి, సమాధుల తోట గేటు బయట చెప్పులు విప్పి నిలబడేవారు. 2001లో ఆయన పోయారు. మాస్టారి భార్య తోటలో చోటడిగింది. ఆయన తల్లిదండ్రులిద్దరూ అక్కడే ఉన్నారు. కమిటీ కూర్చుంది. బయట నిద్రగన్నేరు చెట్టు కింద రిక్షా బండి మీద శవం, వైశాఖం ఎండ. లోపల మేం మూడు గంటలు వాక్యాలు చదువుకున్నాం. 'విశ్వాసి కానందున స్థలము ఇవ్వజాలము' అని మినిట్స్ పుస్తకంలో రాసింది నేనే. దస్తూరీ నాదే, సంతకం కూడా.

బయటికొచ్చి చెప్తే ఆవిడ ఏడవలేదు. 'మాస్టారూ, ఆయన మిమ్మల్ని ఎప్పుడైనా ఏటైనా అన్నారేటండీ?' అంది. అనలేదు. మీ అమ్మ ఆపరేషనప్పుడు మూడు రాత్రులు ఆసుపత్రి వరండాలో నాతో కూర్చున్నారాయన.

నాగావళి ఒడ్డున పూడ్చారు. ఆ తర్వాత వచ్చిన వరదలకి గుర్తు కూడా మిగల్లేదు.

ఈ జిల్లాలో మనం గుప్పెడు మందిమి. అద్దెకిల్లు దొరక్క, పేరు చెప్పగానే మొహాలు మారడం చూస్తూ పెరిగినవాణ్ణి. కానీ ఆ గేటు లోపల ఎకరం నేలలో మనమే ఎక్కువమంది. ఆ ఎకరంలో మేం చేసింది అదీ.

నువ్వు ఫోన్ పెట్టేశాక మీ అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నరకం గురించి అడుగుతుందేమో అనుకున్నాను. 'దాన్ని మన పక్కన పడుకోనిస్తారా?' అంది. ముప్పైమూడేళ్ల పిల్ల గురించి ఇదేం ప్రశ్న అని కసిరాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు.

వచ్చే నెల కమిటీలో ఆ తీర్మానం కొట్టేయమని అడుగుతున్నాను. ఒప్పుకుంటారన్న ఆశ పెద్దగా లేదు. ఒప్పుకోకపోతే, నేను అడిగినట్టు ఆ పుస్తకంలోనే రాయిస్తాను. మాస్టారి భార్య ఇప్పుడు ఆమదాలవలసలో కూతురి దగ్గర ఉంటోందట. ముందు అక్కడికెళ్లాలి. రెండుసార్లు బస్టాండు దాకా వెళ్లి వెనక్కొచ్చాను.

డిసెంబరుకి టికెట్లు తీసుకున్నావా? క్రిస్మస్ రోజున గుడికి రమ్మని అమ్మ అడుగుతుంది. రానని నువ్వే చెప్పు, నన్ను మధ్యలో పెట్టకు.

నాన్న