కాబట్టి, ఇప్పుడు

ప్రియమైన మిత్రమా,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం నాలుగు రోజులుగా నా జేబులోనే ఉంది. "రోజూ వాక్యం చదువుతూనే ఉన్నాను, చదివిన కొద్దీ నా తప్పులే కనిపిస్తున్నాయి, ఇందులో విడుదల ఎక్కడ?" అని రాశావు చూడు, దానికి ఏదో ఒక మాట చెప్పి ఊరుకోవడం నాకు చేతకాలేదు. చాలా ఏళ్లు నన్ను తినేసిన ప్రశ్న అది. నీకెప్పుడూ చెప్పలేదు, అంతే.

మా తమ్ముడికీ నాకూ మాటలు లేని సంగతి నీకు తెలుసు. కారణం మాత్రం నీకు తెలియదు. ఇంటి పంపకాల రోజున అందరి ముందూ వాడిని నేనొక మాట అన్నాను. ఇక్కడ రాయడానికి కూడా చేయి రావడం లేదు. ఆ రాత్రే దేవుణ్ణి క్షమించమని వేడుకున్నాను. మర్నాడూ వేడుకున్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ అదే ప్రార్థన. వాడి దగ్గరికి మాత్రం ఒక్క అడుగూ వేయలేదు.

ఆ రోజుల్లోనే బైబిల్లోని కొత్త నిబంధన చదవడానికి పట్టిక పెట్టుకున్నాను. మొత్తం 260 అధ్యాయాలు, రోజుకొకటి, చదివినదాని పక్కన టిక్కు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు. అప్పు పడ్డవాడు వాయిదాలు కట్టినట్టు చదివాను. గ్రంథం మూసేటప్పుడు ఇవాళ్టికి గండం గడిచిందనే తప్ప ఇంకేమీ అనిపించేది కాదు.

రోమాలోని విశ్వాసులకు అపొస్తలుడైన పౌలు రాసిన ఉత్తరం, అదే రోమా పత్రిక, ఏడో అధ్యాయం నీకు బాగా తెలిసిందే. చేయాలనుకున్న మేలు చేయలేక, వద్దనుకున్న కీడే చేస్తున్నానని పౌలు కుమిలిపోయే అధ్యాయం. "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను?" అన్న చోట నా గొంతే విన్నాను. ఆ వెంటనే దేవునికి కృతజ్ఞతలు చెబుతాడు గానీ, అధ్యాయం చివరి మాట ఏమిటో చూడు: "దాసుడనై యున్నాను." అక్కడ టిక్కు పెట్టి గ్రంథం మూసి పడుకునేవాణ్ణి. ఎన్నిసార్లు చదివినా అక్కడే ఆగాను. దాసుడిగానే నిద్రపోయాను.

ఒక రాత్రి నిద్ర పట్టక, పట్టిక సంగతి మరిచిపోయి, పేజీ తిప్పాను. ఎనిమిదో అధ్యాయం మొదటి మాట: "కాబట్టి యిప్పుడు క్రీస్తుయేసునందున్న వారికి ఏ శిక్షావిధియు లేదు." కంఠతా వచ్చిన వచనమే. కానీ ఆ రాత్రి 'కాబట్టి' దగ్గర ఆగిపోయాను. ఏ మాటకు కాబట్టి? వెనక్కి వెళ్లి చూస్తే ఆ దౌర్భాగ్యుడి కేకా, దానికి జవాబుగా వచ్చిన యేసుక్రీస్తు పేరూ అక్కడే ఉన్నాయి. 'ఇప్పుడు' అన్న మాట ఇంకా గట్టిగా పట్టుకుంది. బాగుపడిన తర్వాత అనలేదు, వచ్చే ఏడు అనలేదు. తమ్ముణ్ణి ఆ మాట అని, ఇంకా దిద్దుకోని నాకు, ఆ రాత్రి, ఆ మంచం మీద. చాలాసేపు ఏడ్చాను.

అసలు పౌలు రాసింది ఉత్తరం కదా! అధ్యాయాలుగా విడదీసింది 13వ శతాబ్దంలో. ఇప్పుడు మనం చూసే వచనాల అంకెలు కొత్త నిబంధనకు 1551లో వచ్చాయి. రోమాలోని విశ్వాసులు 'దాసుడనై యున్నాను'కూ 'కాబట్టి యిప్పుడు'కూ మధ్య ఒక రాత్రి ఆగి ఉండరు. నేను పేజీ తిప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

'సత్యము మిమ్మును స్వతంత్రులనుగా చేయును' అన్నది అందరి నోటా వినే మాట. యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయంలో యేసు దానికి ముందు పెట్టిన షరతును మాత్రం తక్కువగా తలుస్తాం: "మీరు నా వాక్యమందు నిలిచినవారైతే". నిలవడం అంటే నాకు తెలిసినంతలో, ఒక మాట మనల్ని పట్టుకున్నప్పుడు లేచి వెళ్లిపోకుండా అక్కడే ఉండటం. నేను ఆ ఒక్క వచనంలో దాదాపు నెల రోజులు ఉన్నాను. పట్టిక మూలన పడింది. నీ మనస్సే నిన్ను నిందిస్తోందని రాశావు గనుక ఇంకొకటి చెబుతాను. "దేవుడు మన హృదయముకంటె అధికుడు" అని యోహాను తన మొదటి పత్రికలో రాశాడు. తీర్పు చెప్పే కుర్చీ నీ హృదయానిది కాదు.

తర్వాత జరిగింది నేను అనుకోనిది. శిక్ష లేదని నమ్మాక తప్పు చిన్నదైపోతుందనుకున్నాను, కానీ మొదటిసారి దాన్ని ఉన్నంత పెద్దగా చూడగలిగాను. అంతవరకు 'వాడూ నన్ను రెచ్చగొట్టాడు' అని ఒక వాదన ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. శిక్షకు భయపడేవాడికి వాదన కావాలి. ఆ అవసరం తీరిపోయింది. తమ్ముడి ఇంటికి వెళ్లాను. గుమ్మం దగ్గరే, కూర్చోకుండానే, "ఆ రోజు నేనన్న మాట తప్పు" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. ఇంకా అన్నీ సర్దుకోలేదు, కొన్ని విషయాల జోలికి ఇద్దరమూ పోము. కానీ ఫోను చేస్తే ఎత్తుతున్నాడు.

నీ ఉత్తరంలో నువ్వు పేరు పెట్టని విషయం ఏదో ఉందని నాకు అనిపించింది. చెప్పమని అడగను. ఒక్కటి మాత్రం నా కోసం చెయ్యి. ఈ వారం పట్టిక పక్కన పెట్టి, రోమా ఏడో అధ్యాయం పైకి చదువు, చివర ఆగకుండా ఎనిమిదిలోకి వెళ్లిపో. గొంతు పట్టేస్తే పట్టేయనీ. ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాను, ఏ మాట దగ్గర ఆగావో చెప్పు.

నీ కోసం ప్రార్థిస్తూ,
నీ స్నేహితుడు