వార్డు కాగితాలు మామూలు చెత్తబుట్టలో వేయకండి

అందరికీ నమస్కారం. ల్యాబ్ రిపోర్టుల జిరాక్సులు, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు నకళ్లు, డ్యూటీ మారేటప్పుడు రాసుకునే చీటీలు చెత్తబుట్టల్లో కనబడుతున్నాయి. రెండుగా చింపితే చాలదు, అతికించి చదివేయొచ్చు. పొడుగు పీలికలు చేసే ష్రెడ్డర్‌తోనూ అదే ఇబ్బంది. అడ్డంగా కూడా కత్తిరించే క్రాస్ కట్ మిషనే వాడండి. పిన్నులు ముందే తీసేయండి, బ్లేడ్లు పాడవుతాయి. రక్తం అంటని కాగితం, రక్తం అంటిన దూది, కట్ల లాంటి వ్యర్థాలు వేసే పసుపు సంచిలోకి వద్దు.

అన్నిటికంటే ప్రమాదం, వెనకవైపు ఖాళీగా ఉందని పాత రిపోర్టుల మీద టోకెన్లు రాసివ్వడం. ఒకరి హెచ్ఐవీ ఫలితం ఇంకొకరి చేతికి వెళ్తుంది. దాని గోప్యత కోసం 2017లో ప్రత్యేక చట్టమే వచ్చింది. దయచేసి ఇవాళే ఆపేయండి.

ఇన్‌పేషెంట్ల అసలు కేస్ షీట్లు మాత్రం ముక్కలు చేయొద్దు. చికిత్స మొదలైన నాటి నుంచి కనీసం 3 ఏళ్లు ఉంచాలి. మెడికో లీగల్ కేసులవైతే, అంటే పోలీసు, కోర్టు వ్యవహారం ఉన్నవైతే, కోర్టులో తేలేదాకా రికార్డు రూమ్ దాటకూడదు.